కరాచీ బేకరీ, మొజంజాహీ మార్కెట్: బిస్కెట్ల గురించి, ఆ బోర్డు గురించి

ముందు తినే సంగతి. పోయిన శనివారం గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగి, మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి వెళ్లి, కరాచీ బేకరీలో ఫ్రూట్ బిస్కెట్లు మూడు పెట్టెలు, కాజూ బిస్కెట్లు ఒకటి, ఉస్మానియా ఒకటి కొన్నాను. కారులో వెళ్దామనుకునేవాళ్లు కాస్త ఆలోచించుకోండి, సాయంత్రం పూట ఆ చుట్టుపక్కల బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, ఆటోనో మెట్రోనో నయం.

ఫ్రూట్ బిస్కెట్ తెలియనివాళ్లు ఈ ఊళ్లో ఉండరు గానీ బయటివాళ్ల కోసం చెప్తున్నా. మందంగా ఉంటుంది, మధ్యమధ్యలో ఎరుపు, ఆకుపచ్చ టూటీఫ్రూటీ ముక్కలు. అదేదో విదేశీ పండు అనుకుంటారు చాలామంది, పచ్చి బొప్పాయిని చక్కెర పాకంలో ఊరబెట్టి రంగు వేస్తే వచ్చేదే అది. కొరికితే కటుక్కుమని విరగదు, గుల్లగా ఉండి నోట్లోనే పొడిపొడిగా విడిపోతుంది, నెయ్యి వాసన లాంటి ఒక వెచ్చటి వాసన వస్తుంది, ఆ వెనకాలే బొప్పాయి ముక్క జిగురుగా పళ్లకు తగులుతుంది. చాయ్‌లో ముంచేటట్టయితే ఇలా ముంచి అలా తీసేయాలి, లేకపోతే సగం గ్లాసు అడుగుకి పోతుంది. తీపి మాత్రం ఎక్కువే, షుగర్ ఉన్నవాళ్లు ఒక్కదానితో ఆపుకోవాలి, అది ఎంత కష్టమో మా అమ్మని చూస్తే తెలుస్తుంది. కాజూ బిస్కెట్లు పిల్లలకు నచ్చుతాయి. ఉస్మానియా విషయంలో మాత్రం నాకు ఇరానీ హోటల్లో చాయ్‌తో పాటు చిన్న ప్లేటులో పెట్టే విడి బిస్కెటే ఇష్టం, పెట్టెలోది ఎవరిదైనా సరే దానికి సాటి రాదు, ఇది ఒక్క ఈ షాపు మాట కాదు. పెట్టె విప్పాక గాలి తగలకుండా డబ్బాలో పోసి పెట్టుకోండి, వానాకాలంలో ఒక్క రాత్రికే మెత్తబడిపోతాయి.

షాపులో జనం ఎప్పుడూ ఉంటారు. ఊరెళ్లేవాళ్లు, అమెరికా వెళ్లేవాళ్లు, పెళ్లిచూపులకు వెళ్తూ ఒట్టి చేతులతో ఏం పోతామని ఆగినవాళ్లు. ఈసారి నా ముందు ఒక పెద్దాయన ఆరు పెట్టెలు కట్టించుకున్నాడు, కూతురు డల్లాస్‌లో ఉందట, అక్కడి ఇండియన్ షాపుల్లో కూడా దొరుకుతాయి గానీ ఇక్కణ్నుంచి తీసుకెళ్తేనే ఆమె ఒప్పుకుంటుందట. కౌంటరు దగ్గరి కుర్రాడు అంత రద్దీలోనూ పెట్టెల మూలలు నొక్కుకుపోకుండా అట్టపెట్టెలో సర్ది, తాడు కట్టి, పట్టుకోవడానికి పిడి కూడా వేసి ఇచ్చాడు. పేరు అడగలేదు గానీ అతనికి థ్యాంక్స్.

మా నాన్న నాంపల్లిలో గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవారు. ఒకటో తారీఖు జీతం అందగానే నడుచుకుంటూ మొజంజాహీ మార్కెట్‌కి వచ్చి ఒక పెట్టె కొని, అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి ఇంటికి వచ్చేవారు. పెట్టె మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నాకు వచ్చిన కొత్తలో "నాన్నా, కరాచీ అంటే ఏంటి" అని అడిగితే "అది ఒక ఊరమ్మా, ఈ షాపాయన పాపం అక్కణ్నుంచి వచ్చేశాడు" అన్నారు. ఆ "పాపం" అనే మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. చాలా ఏళ్ల తర్వాత, 2025 మే నెలలో, ఆ మాట నాకు చాలా అవసరమైంది.

ఆ రోజులు అందరికీ గుర్తుండే ఉంటాయి. ఏప్రిల్ 22న పహల్గామ్‌లో 26 మందిని చంపేశారు, అందులో విశాఖ మనిషి, మన కావలి మనిషి ఉన్నారు, ఇక్కడ హైదరాబాద్‌లో పనిచేసే ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారి ఉన్నారు. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ మొదలైంది. మా మేనత్తలు, పెదనాన్నల పిల్లలం అందరం ఉన్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది, పండగలకి, పుట్టినరోజులకి మాత్రమే మోగే గ్రూపు, ఆ నాలుగు రోజులు రాత్రిళ్లు కూడా ఆగలేదు. మే 8 రాత్రి టీవీ చానెళ్లు కరాచీ పోర్టు ధ్వంసమైపోయిందని చెప్పేశాయి, మంటల వీడియోలు, ఓడల వీడియోలు, అవన్నీ మా గ్రూపులోకి వచ్చి పడ్డాయి. నేనూ చూస్తూ కూర్చున్నాను, అబద్ధం చెప్పను, ఒక వీడియో ఇంకో ఇద్దరికి నేను కూడా పంపాను. మే 11న మన నౌకాదళం తరఫున వైస్ అడ్మిరల్ ఏ.ఎన్. ప్రమోద్ మాట్లాడుతూ, కరాచీతో సహా ఎంచుకున్న లక్ష్యాలను మనం అనుకున్న సమయంలో కొట్టడానికి సిద్ధంగా ఉన్నామని అన్నారు. అంటే కొట్టలేదన్నమాట. సముద్రంలో ఉన్న నావికులకు తెలిసిన నిజం, హైదరాబాద్ సోఫాలో కూర్చున్న నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది.

ఈ మధ్యలోనే బేకరీ సంగతి వచ్చింది. హైదరాబాద్‌లో, విశాఖలో షాపుల ముందు పేరు మార్చాలని ఆందోళనలు జరిగాయి. మే 10 శనివారం నాడు శంషాబాద్ షాపు దగ్గరికి కొందరు వెళ్లి కర్రలతో బోర్డు మీద కొట్టారు, నినాదాలు చేశారు, పోలీసులు వచ్చి పంపించి కేసు పెట్టారు. అదృష్టం కొద్దీ పనిచేసేవాళ్లకు ఎవరికీ దెబ్బలు తగలలేదు. సరిగ్గా అదే రోజు సాయంత్రం కాల్పుల విరమణ ప్రకటించారు. ఇది కొత్త కూడా కాదు, 2019లో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు ఇందిరానగర్ షాపులో కరాచీ అనే ముక్కకి గుడ్డ కప్పాల్సి వచ్చింది.

మా గ్రూపులో హిందూపురం నుంచి మా బావ ఒక మెసేజ్ పెట్టాడు. "ఈ బేకరీ డబ్బులు పాకిస్తాన్‌కి పోతాయి, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, అందరూ పోయి ఒక్క స్టార్ ఇవ్వండి" అని, కింద లింకు. పది నిమిషాల్లో ఏడుగురు ఇచ్చేశామని చెప్పారు. అందులో మా చిన్నక్క కూడా ఉంది, పోయిన సంక్రాంతికి ఆమె ఇంట్లో ఆ బిస్కెట్లు తిన్నది నేనే. అబద్ధం చెప్తున్నానని కాక, దేశం కోసం ఏదో ఒకటి చేస్తున్నాననే ఆమె అనుకుంది, అది నాకు తెలుసు, అయినా మనసు చివుక్కుమంది.

నేను రాసింది ఇంతే. ఆ బేకరీ 1953లో హైదరాబాద్‌లోనే, మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలైంది. పెట్టినాయన పేరు ఖాన్‌చంద్ రమ్నాని, సింధీ హిందువు, దేశ విభజన వల్ల కరాచీ వదిలి వచ్చినవాడు. ఇప్పుడు నడుపుతున్నది ఆయన వారసులే. పాకిస్తాన్‌తో దానికి ఏ లావాదేవీ లేదు, ఆ కుటుంబాన్ని అక్కణ్నుంచి వెళ్లగొట్టింది ఆ విభజనే.

అరగంట సేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత బావ వాయిస్ మెసేజ్ పెట్టాడు. అది నా దగ్గర ఇంకా ఉంది. "నువ్వు ఆడ సిటీలో కూచోని చరిత్ర చెప్తాండావు. మురళీ నాయక్ పోయినాడు మే. మన పక్కూరోడు. ఆ పిల్లోని కోసరం ఈడ ఊర్లకూర్లు ఏడుస్తాండాయి. నువ్వేమో బిస్కెట్లు అంటావు."

మురళీ నాయక్ గురించి తెలియనివాళ్లు ఉంటే, అతను శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా పిల్లవాడు, అగ్నివీర్, మే 9న జమ్మూకశ్మీర్ సరిహద్దులో పాకిస్తాన్ కాల్పుల్లో చనిపోయాడు. మే 11న తండాలోనే అంత్యక్రియలు చేశారు. బావ బండి మీద వెళ్లి, ఎండలో గంటల తరబడి నిలబడి వచ్చాడు. ఆ రోజు అతను ఇంకేమీ మెసేజ్‌లు పెట్టలేదు. బావ కోపం టీవీ చూసి తెచ్చుకున్నది కాదని నాకు ఆ రోజే తెలుసు. అందుకే అతనికి తిట్టి జవాబు రాయలేకపోయాను, రాయకూడదు కూడా.

కానీ అతను అన్నది తప్పని కూడా నాకు అంతే గట్టిగా తెలుసు. ఆ రెండింటినీ ఒకేసారి మనసులో పెట్టుకుని మాట్లాడటం ఎంత కష్టమో ఈ రివ్యూ రాయడానికి నాకు ఇన్ని నెలలు పట్టడంలోనే ఉంది.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాను. అప్పటికి కొంచెం చల్లబడ్డాడు. "సరే, వాళ్లు హిందువులే అనుకో, మన దేశం వాళ్లే అనుకో, పేరు మార్చుకుంటే పోయేదేముంది? యుద్ధం జరుగుతాంటే ఆ ఊరి పేరు కళ్లబడితే ఎవరికైనా మండదా?" అన్నాడు. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. చాలామంది మంచివాళ్లు ఇదే అడిగారు, నాకు తెలిసిన ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు కూడా అడిగారు. అందుకని దీని మీద కాస్త ఎక్కువ సేపు ఉంటాను.

1947కు ముందు కరాచీలో దాదాపు సగం మంది హిందువులు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో చాలామంది ఉండిపోదామనే అనుకున్నారు, 1948 జనవరిలో కరాచీలో అల్లర్లు జరిగాక ఇక లాభం లేదని ఓడలెక్కారు. పది లక్షలకు పైగా సింధీలు ఇలా వచ్చారు. పంజాబీలకు ఇటువైపు సగం పంజాబ్ మిగిలింది, బెంగాలీలకు సగం బెంగాల్ మిగిలింది, సింధీలకు మాత్రం సింధ్‌లో ఒక్క తాలూకా కూడా మిగలలేదు. భాష మిగిలింది, దాన్ని కూడా 1967లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చేర్చలేదు. ఇంకా మిగిలినవి వంటలు, పాటలు, ఊరి పేర్లు. ఖాన్‌చంద్ గారు మనసులో ఏమనుకుని ఆ పేరు పెట్టారో నేను చెప్పలేను గానీ నాకు అనిపించేది ఇది, ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన మనిషి పోగొట్టుకున్న ఊరిని పిల్లలు మర్చిపోకుండా గుమ్మం మీద రాసుకున్నాడు. ఆ పేరు తీసేయమంటే, నిన్ను అక్కణ్నుంచి తరిమినవాళ్లు చేసిన పనిని ఇక్కడ మేం పూర్తి చేస్తామని చెప్పడమే అవుతుంది. బావకి ఇలాగే చెప్పాను. అతను "ఊ" అన్నాడు, ఒప్పుకున్న ఊ కాదు, వింటున్నానన్న ఊ.

మనవాళ్ల సంగతి చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది. రంగూన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు 1942లో జపాన్ బాంబులకు భయపడి కొందరు, 1960లలో అక్కడి ప్రభుత్వం ఉండనివ్వక కొందరు వెనక్కి వచ్చేశారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఇప్పటికీ అంటారు. రేపు మనకీ బర్మాకీ గొడవ వస్తే, ఆ క్యాంపు పేరు పెట్టుకున్న టిఫిన్ సెంటర్ మీదికి కర్రలు తీసుకుని వెళ్తామా? వెళ్లం, ఎందుకంటే అందులో ఉన్నది మన అత్త, మన మామ అని మనకు తెలుసు. సింధీ కుటుంబం గురించి కూడా అలా తెలిసి ఉంటే మా చిన్నక్క ఆ ఒక్క స్టార్ ఇచ్చేది కాదని నా నమ్మకం.

ఇంకో సంగతి, ఇది నాకు తెలిసినప్పుడు ఒళ్లు జలదరించింది. పాకిస్తాన్ సింధ్‌లో కూడా హైదరాబాద్ అనే ఊరు ఉంది కదా, అక్కడ బాంబే బేకరీ అని ఒకటుంది. దాన్ని పెట్టింది కూడా ఒక సింధీ హిందూ కుటుంబమే, విభజనకు చాలా ముందు, అక్కడ కేకు కోసం జనం లైన్లో నిలబడతారు. కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఒక పేట ఉంది, ఇక్కణ్నుంచి వెళ్లినవాళ్లు అక్కడ మన పచ్చళ్లు, బగారా బైంగన్ అమ్ముతారు. బహదూరాబాద్ అనే చోట నడిరోడ్డు మీద మన చార్మినార్ నమూనా కట్టుకున్నారు. వాళ్లలో కూడా యుద్ధం రాగానే ఆ పేర్ల మీద పడేవాళ్లు ఉంటే ఉండొచ్చు. అక్కడెవరో చార్మినార్ నమూనా మీద రాళ్లు వేశారని విన్నానంటే నాకు కోపం వస్తుంది, బాధ వస్తుంది, అది ఇండియా బొమ్మ కదా అని వాళ్లు అంటే నేను ఒప్పుకోను. మరి ఇక్కడ ఎలా ఒప్పుకోవాలి.

ఎక్కడిదాకా పోతుంది ఇది? అదే మే నెలలో జైపూర్‌లో కొన్ని మిఠాయి షాపుల వాళ్లు మైసూర్ పాక్ పేరును మైసూర్ శ్రీ అని మార్చేశారు. పాక్ అంటే పాకం అని మన ఇళ్లలో అరిసెలు వండే ప్రతి అమ్మమ్మకీ తెలుసు. జాతీయ గీతంలో సింధు అనే మాట తీసేయాలని ఒకాయన సుప్రీంకోర్టుకి కూడా వెళ్లాడు, 2005లో కోర్టు కొట్టేసింది. అద్వానీ గారు పుట్టింది కరాచీలోనే, ఆయనకు 2024లో భారతరత్న ఇచ్చాం. ఆయన పుట్టిన ఊరు ఆయన దేశభక్తికి అడ్డం రానప్పుడు బిస్కెట్ పెట్టె మీది పేరు ఎందుకు అడ్డం వస్తుంది అని నేను మా గ్రూపులో అడిగాను. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఒక పిన్ని గారి అబ్బాయి మాత్రం "అక్కా, నువ్వు ఏ పార్టీ" అని అడిగాడు. ఏ పార్టీ కాదురా, మీ పెదనాన్న కూతుర్ని, అని రాశాను.

ఇది రాస్తున్నందుకు నన్ను ఒక వైపు కట్టేయొద్దు. ఆ వారంలోనే నా పాత ఆఫీసు స్నేహితుల గ్రూపు ఒకటి పూర్తిగా రెండో కొసకు పోయింది. అక్కడ ఒకతను, చదువుకున్నవాడు, చాలా పుస్తకాలు చదివినవాడు, "ఇదంతా ఎన్నికల కోసం ఆడే నాటకం, చచ్చేవాళ్లు జీతం తీసుకునే చస్తున్నారు కదా" అని రాశాడు. దానికి నలుగురు బొటనవేలు గుర్తులు పెట్టారు. నేను ఆ మాట చదివిన రోజు కల్లితండాలో అంత్యక్రియలు జరుగుతున్నాయి. బావ కోపాన్ని నేను భరించగలిగాను, ఆ చల్లటి మాటని భరించలేకపోయాను. ప్రభుత్వాన్ని ప్రశ్నించండి, యుద్ధం వద్దనండి, నేనూ కాల్పుల విరమణ వార్త విని ఊపిరి పీల్చుకున్నదాన్నే, కానీ ఒక తల్లి ముందు నిలబడి అనలేని మాటని ఫోన్లో ఎందుకు టైప్ చేస్తారు? అతనితో కూడా గొడవ పడ్డాను. అతను నన్ను "భక్తురాలు" అన్నాడు. అంతకు రెండు రోజుల ముందు మా బంధువుల గ్రూపులో ఒకరు నన్ను "దేశద్రోహి" అన్నారు. రెండు మాటలూ అన్నవాళ్లు నాతో కూర్చుని అన్నం తిన్నవాళ్లే.

ఆ రోజుల్లో ఎవరినీ వదల్లేదు అసలు. పహల్గామ్‌లో పెళ్లయిన కొద్ది రోజులకే భర్తను పోగొట్టుకున్న నౌకాదళ అధికారి భార్య, ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం వద్దు అన్నందుకు ఆమెనే నోటికొచ్చినట్టు తిట్టారు, జాతీయ మహిళా కమిషన్ వచ్చి తప్పని చెప్పాల్సి వచ్చింది. కాల్పుల విరమణ ప్రకటించిన విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ఆ నిర్ణయాన్ని చదివి వినిపించిన అధికారి, అంతే, ఆయన్నీ ఆయన కూతుర్నీ ఎంత మాటలు అన్నారంటే ఆయన తన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకున్నారు. యుద్ధంలో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషి, యుద్ధం పనిలోనే పగలూ రాత్రీ ఉన్న మనిషి, వీళ్లు కూడా మాట్లాడకూడదంటే ఇంక మాట్లాడే హక్కు ఎవరికుంది?

మళ్లీ షాపు దగ్గరికి వస్తాను. బేకరీ వాళ్లు ఆ రోజుల్లో షాపుల మీద మువ్వన్నెల జెండాలు కట్టారు, మాది భారతీయ సంస్థ అని ప్రకటన ఇచ్చారు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారిని, పోలీసుల్ని రక్షణ అడిగారు. డెబ్బై ఏళ్లకు పైగా ఈ ఊరికి బిస్కెట్లు పెట్టిన ఇంటివాళ్లు మేం మీవాళ్లమే అని రుజువు చూపించుకోవాల్సి రావడం నాకు హైదరాబాదీగా సిగ్గనిపించింది. పేరు మాత్రం మార్చలేదు. అందుకు వాళ్లకు నా నమస్కారం. 

పోయిన శనివారం నేను చాలాసేపు బయట నిలబడి ఆ బోర్డునే చూశాను. ఎదురుగా మార్కెట్ రాతి గోడలు, గడియారం గోపురం. 1935లో కట్టిన ఆ మార్కెట్‌కి నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు, పెట్టెలోని ఉస్మానియా బిస్కెట్ పేరులో ఉన్నది ఆ నిజామే. ఆ నిజాంతోనూ మన సైన్యం 1948లో పోరాడింది, రజాకార్లు చేసిన దారుణాలు మా నాయనమ్మ వైపు ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా ఎవరూ మార్కెట్ పేరు చూసి బెదరరు, ఉస్మానియా బిస్కెట్ వద్దనరు. జనం ఆ బాధను మర్చిపోలేదు, బాధ వేరు, బిస్కెట్ వేరు అని వాళ్లకు తెలుసు. నలభై ఏళ్లుగా నేను ఎరిగిన హైదరాబాద్ అదే.

ఇక రేటింగ్. ఫ్రూట్ బిస్కెట్లకు ఐదు స్టార్లు, నాన్న గుర్తొచ్చి ఇవ్వడం లేదు, నిజంగా బాగున్నాయి. కాజూకి నాలుగు. ఉస్మానియాకి మూడున్నర, కారణం పైన చెప్పాను. ప్యాకింగ్‌కి ఐదు. ధర పెట్టె మీద ముద్రించి ఉంటుంది, మామూలు బిస్కెట్లతో పోలిస్తే ఎక్కువ, బహుమతిగా ఇవ్వడానికి పర్వాలేదు, రోజూ తినడానికి మా ఇంటి బడ్జెట్‌కి భారమే. మీకు రుచి నచ్చకపోతే ఒక్క స్టార్ ఇవ్వండి, బిస్కెట్ మాడిందని రాయండి, తీపి ఎక్కువైందని రాయండి, కౌంటర్లో సరిగ్గా మాట్లాడలేదని రాయండి, అది మీ హక్కు. తినకుండా మాత్రం రాయకండి, అక్కడ పిండి కలిపేవాళ్లు, పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు, పెట్టెలకు తాళ్లు కట్టే కుర్రాళ్లు ఉన్నారు, ఆ స్టార్లు వాళ్ల జీతాలు. మా చిన్నక్క జూలైలో తన రివ్యూ తీసేసింది. నేను అడగలేదు, ఆమే ఫోన్ చేసి చెప్పింది.

మూడు పెట్టెల్లో ఒకటి హిందూపురానికి కొరియర్ చేశాను, బావ పేరు మీదే. మంగళవారం అందింది. సాయంత్రం అత్త ఫోన్ చేసి, "బాగుండాయి మే, మీ నాయన బతికున్నప్పుడు తెచ్చినట్టే ఉండాయి, మీ బావ మాత్రం ముట్టలేదు" అంది. వెనకాల బావ గొంతు వినబడింది, "నాకొద్దులే, పిల్లోళ్లు తింటాండారు, దసరాకి వస్తాదేమో అడుగు" అని. వస్తానని చెప్పాను. ఇంకో పెట్టె పట్టుకెళ్తున్నాను, ఫ్రూట్‌దే.